చాప పరచడానికి సంతకమెందుకు?

“పార్కుకు గుంపుగా రావాలంటే ముందు పర్మిషన్ తీసుకోవాలి, ఫీజు కట్టాలి. అప్పుడే పార్కు పార్కులా ఉంటుంది.” కరీంనగర్‌లో పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులు ఈ మాట అంటారు. ఆదిలాబాద్‌లో గాంధీ పార్కు దగ్గర చాయ్ తాగుతూ అంటారు. కాలనీ సంఘాల మీటింగుల్లో అంటారు. కార్తీకమాసం దగ్గరపడిందంటే మరీ గట్టిగా అంటారు. అనగా అనగా ఇదొక అభిప్రాయమన్న సంగతే అందరూ మరిచిపోయారు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నంత ధీమాగా మాట్లాడుతున్నారు. ఈ అభిప్రాయం తప్పు. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చెప్తాను.

ముందు వాళ్ళ వాదన వాళ్ళు చెప్పినంత బలంగానే వినాలి. ఆదివారం సాయంత్రానికి పచ్చిక మీద ఎంగిలి విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, ఎముకలు పడి ఉంటాయి. సోమవారం పొద్దున వంగి వంగి అవన్నీ ఏరేది చాలీచాలని జీతానికి పనిచేసే సఫాయి కార్మికురాలు. ఎవరో డీజే పెడితే పక్క వీధిలో ముసలివాళ్ళ గుండెలు అదురుతాయి. నడిచేవాళ్ళకు దారి ఉండదు, పిల్లలకు ఊయల దొరకదు. మున్సిపాలిటీకి ఖర్చవుతుంది కాబట్టి వాడుకునేవాళ్ళు ఇంత కట్టడం న్యాయం. జరగరానిది జరిగితే బాధ్యులెవరో తెలియాలంటే ఒక పేరు, ఒక సంతకం ఉండాలి. అమెరికాలో కూడా పార్కు బుక్ చేసుకునే కదా వాడతారు.

ఇందులో కల్పించి చెప్పింది ఏదీ లేదు. ఆ విస్తళ్ళు నేనూ చూశాను. ఆ మోతకు నేనూ కిటికీలు మూసుకున్నాను. ఇబ్బందులన్నీ నిజమే. వాటికి పర్మిషన్ మందు అన్నదే అబద్ధం.

1. చెత్త పడేది తిన్నాక, కాగితం అడిగేది తినకముందు

మొదటి లోపం లెక్కలోనే ఉంది. పర్మిషన్ కార్యక్రమానికి ముందు జరిగే పని. చెత్త కార్యక్రమం అయ్యాక మిగిలేది. అర్జీ మీద సంతకం పెట్టే అధికారికి ఆ గుంపు విస్తళ్ళు ఎత్తుతుందో వదిలేసి పోతుందో ఎట్లా తెలుస్తుంది? ఆయనకు కనబడేది పేరు, తేదీ, సిఫారసు చేసిన మనిషి. పరిశుభ్రతకు సంబంధించింది ఆ కాగితంలో ఏమీ ఉండదు.

పార్కు పాడయిన రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. పచ్చికలో గుంజలు పాతి షామియానా వేసిన రోజు, వేదిక కట్టి నిలువెత్తు ఫ్లెక్సీలు పెట్టిన రోజు, జనరేటర్ తెచ్చిన రోజు. వాటిలో ఎక్కువ భాగం పర్మిషన్ ఉన్న కార్యక్రమాలే. అడ్డుకోబోయిన వాచ్‌మన్‌కు “మాకు పర్మిషన్ ఉంది” అన్న జవాబే ఎదురవుతుంది. పాడు చేసేవాడి చేతిలో ఆ కాగితం డాలుగా పనిచేస్తోంది. టిఫిన్ డబ్బాలు తెచ్చుకుని చెట్టు కింద తిని, చాప దులుపుకుని పోయే కుటుంబం దగ్గర ఆ డాలు లేదు కాబట్టి వాళ్ళే గేటు దగ్గర ఆగిపోతున్నారు.

సఫాయి కార్మికురాలి పేరు చెప్పి వాదించేవాళ్ళకు ఒక ప్రశ్న. పర్మిషన్ ఫీజులో ఆమెకు ఒక్క రూపాయి చేరుతుందా? ఆదివారం సాయంత్రం అదనంగా ఒక మనిషిని పెడతారా? చెత్త డబ్బాలు పెంచుతారా? ఇవేవీ చేయకుండా ఆమె నడుంనొప్పిని వాదనకు వాడుకోవడం న్యాయం కాదు.

2. చట్టం అడగనిది మీరు అడుగుతున్నారు

“రూల్సు పాటించాలి కదా” అంటారు. పాటిద్దాం. ఏముందో చదువుదాం.

2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సరిగ్గా ఈ విషయమే చెప్పాయి. లైసెన్సు లేని చోట వంద మందికి మించి కూడే కార్యక్రమం పెట్టుకుంటే కనీసం మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలి. చెత్తను అక్కడికక్కడే వేరు చేసి, సేకరించేవాళ్ళకు అప్పగించాలి. అందులో రెండు మాటలు పట్టి చూడండి. వంద మంది. తెలియజేయాలి. ఈ దేశంలో చెత్త గురించి రాసిన నిబంధనే వంద మంది దాకా కాగితం అడగలేదు. వంద దాటినా సమాచారం ఇమ్మందే తప్ప చేతులు కట్టుకుని అనుమతి కోరమనలేదు. చెప్పి రావడానికీ, అడిగి ఆగడానికీ మధ్య ఎంత తేడా ఉందో ఆఫీసు వరండాలో నిలబడ్డవాళ్ళకు తెలుసు.

మోత సంగతీ అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్ స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఇప్పటికే తప్పనిసరి. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. డీజేకు చట్టం ఉంది, ప్లేటుకు చట్టం ఉంది. అమలు చేయాల్సిన ఈ రెండింటినీ వదిలేసి, ఏ చట్టమూ పట్టించుకోని పులిహోర డబ్బా మీద పడటమేమిటి?

ఇక పోలీసు ఆంక్షలు. కరీంనగర్ 2016లో పోలీస్ కమిషనరేట్ అయింది. నిజాం కాలంలో, 1348 ఫస్లీలో పుట్టిన సిటీ పోలీస్ చట్టం పేరుతో ఇక్కడ ప్రకటనలు వస్తుంటాయి. ఆదిలాబాద్ వైపు జనం నోట్లో ఉన్నది ‘30 యాక్టు’. అంటే 1861 నాటి పోలీస్ చట్టంలోని 30వ సెక్షన్, సిపాయిల తిరుగుబాటు జరిగిన నాలుగేళ్ళకు తెల్లదొరలు రాసుకున్నది. ఆ సెక్షన్ కూడా మాట్లాడేది రోడ్ల మీద, వీధుల్లో జరిగే సభలు, ఊరేగింపుల గురించి. అదుపు చేయకపోతే శాంతికి భంగం కలుగుతుందనుకున్నప్పుడే లైసెన్సు అడగమంటుంది. ఉసిరిచెట్టు కింద కూర్చుని అన్నం తినేవాళ్ళను ఊరేగింపు కింద లెక్కగట్టడానికి ఆ దొరలు కూడా సాహసించలేదు.

రాజ్యాంగం 19వ అధికరణ ఆయుధాలు లేకుండా శాంతియుతంగా కూడే హక్కు ఇచ్చింది. 1972లో హిమత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ ప్రశ్నను తేల్చింది. అహ్మదాబాద్‌లో విద్యార్థుల సభకు పోలీసు కమిషనర్ అనుమతి నిరాకరించాడు. ఏ కారణాల మీద నిరాకరించవచ్చో చెప్పకుండా మొత్తం అధికారాన్ని ఒక అధికారి ఇష్టానికి వదిలేసిన ఆ నిబంధన చెల్లదని కోర్టు కొట్టేసింది. కూడికలను క్రమబద్ధం చేయవచ్చు, కొలమానం లేని అధికారం మాత్రం కుదరదు. రాజకీయ సభకే ఆ రక్షణ ఉన్నప్పుడు వనభోజనానికి అంతకంటే తక్కువ ఎందుకుండాలి?

3. గుంపు అంటే ఎవరు?

ఈ భాగం నాకు సొంత అనుభవం. మా వాడకట్టు ఆడవాళ్ళం నలభై మందిమి దాకా కార్తీకంలో పార్కు చెట్ల కిందికి పోదామనుకున్నాం. సగం మంది బీడీలు చుట్టేవాళ్ళు. ఏడాది పొడుగునా చాట ఒళ్ళో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునే నడుములు అవి. ఒక్క పూట వంట కలిపి చేసుకుని, నీడకు కూర్చుని, నాలుగు పాటలు పాడుకుని రావాలన్నదే కోరిక. మైకు లేదు, షామియానా లేదు. అన్నం కూరలు ఇంట్లోనే వండుకుని గిన్నెల్లో సర్దుకున్నాం.

గేటు దగ్గర కాపలా పిల్లవాడు ఆపాడు. “గుంపుగ అస్తే లెటర్ ఉండాలె అమ్మా, లేకుంటే నన్ను తిడ్తరు.”

“యాడ తెచ్చుకోవాలె బిడ్డా?” అని మాలో పెద్దామె అడిగింది. ఆ పిల్లవాడికీ సరిగా తెలియదు. అతని తప్పేమీ లేదు.

సర్దిన గిన్నెలు ఇంటికి తెచ్చుకుని, మర్నాటి నుంచి తిరగడం మొదలుపెట్టాం. ఒక ఆఫీసులో సారు మీటింగ్‌లో ఉన్నాడన్నారు. మర్నాడు పోతే పోలీసుల కాగితం తెమ్మన్నారు. అక్కడికి పోతే “మైకు పెడ్తలేరు గదా, ఇంకెందుకు పర్మిషన్?” అన్నారు. ఆ మాటే రాసివ్వమంటే రాసివ్వలేదు. తిరిగి మొదటి ఆఫీసుకు వస్తే రాత లేకుండా కుదరదన్నారు. నాలుగు రోజులు పోయాయి. బీడీలు చుట్టేవాళ్ళకు వెయ్యి బీడీల లెక్కన కూలి. ఆఫీసు మెట్ల మీద కూర్చున్న రోజు చుట్టనట్టే, కూలి రానట్టే. చివరికి ఒకరి డాబా మీద, ఎండలో చీరలు పందిరిగా కట్టుకుని తిన్నాం. మరుసటి వారం అదే పార్కులో ఒక పెద్దమనిషి పుట్టినరోజు వేడుక జరిగింది. వేదిక, పాటల బృందం, గేటు నిండా ఫ్లెక్సీలు.

నాకు ఎవరి పుట్టినరోజు మీదా కోపం లేదు. నేను చూపిస్తున్నది ఏర్పాటులో ఉన్న వంకర. ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో, ఎందుకు కాదనవచ్చో, ఎంత కట్టాలో ఎక్కడా రాసి లేని పర్మిషన్ చివరికి పైరవీ ఉన్నవాళ్ళకే దక్కుతుంది. కార్పొరేటర్‌కు ఫోన్ చేయగలిగినవాళ్ళకు ఒక గంట, చేయలేనివాళ్ళకు నాలుగు రోజులు, ఆ తర్వాత డాబా మీద ఎండ.

గుంపు అన్న మాటనే పట్టి చూడండి. పొద్దున ఆరింటికి పార్కులో పాతికమంది వాకర్లు గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ గట్టిగా నవ్వుతారు. అది గుంపు కాదా? జూన్ 21న వందలమంది యోగా చేస్తారు. అది గుంపు కాదా? నాయకులు అనుచరులతో మార్నింగ్ వాక్ చేస్తూ వినతిపత్రాలు తీసుకుంటారు. వాళ్ళెవరినీ లెటర్ అడిగినట్టు నేను వినలేదు. అడగకూడదు కూడా. వాళ్ళు పార్కును పార్కులాగే వాడుతున్నారు. మధ్యాహ్నం పన్నెండుకు, వాకర్లంతా ఇంటికి పోయి ఊయలలు ఖాళీగా ఊగుతున్న వేళ, గిన్నెలు తలమీద పెట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకే ‘గుంపు’ అన్న పేరు ఎందుకు తగిలించారు? నడక ఆరోగ్యం, కలిసి తినడం అల్లరి అన్న తీర్పు ఎవరిచ్చారు?

ఈ రాష్ట్రానికి మనుషులను నమ్మడం తెలియక కాదు. 2014లో తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం కింద పెద్ద పరిశ్రమకు 15 రోజుల్లో అనుమతులన్నీ తేల్చాలి. గడువు దాటితే ఇచ్చినట్టే లెక్క. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ కింద 75 గజాల లోపు ఇల్లు కట్టుకునేవాడికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల దాకా సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. యాభై ఏళ్ళు నిలబడే గోడ విషయంలో మనిషి మాట నమ్మిన ప్రభుత్వం, మూడు గంటలు పరిచి చుట్టేసే చాప విషయంలో ఎందుకు నమ్మదు? ఫ్యాక్టరీ యజమానికి గడువు హక్కు అయితే, బీడీ కార్మికురాలికి అది ఎందుకు హక్కు కాదు?

4. డబ్బు ఇప్పటికే కట్టాం

“వాడుకునేవాళ్ళు కట్టాలి” అన్నది వినడానికి న్యాయంగానే ఉంటుంది, ఎవరూ ఏమీ కట్టనట్టు. కరీంనగర్ చుట్టూ, ఆదిలాబాద్ చుట్టూ ప్లాట్లు కొన్న మధ్యతరగతివాళ్ళు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రసీదులు తీసి చూసుకోండి. లేఅవుట్‌లో పార్కుకు వదలాల్సిన స్థలం వదలలేదని, దానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం ఖాళీ స్థలం చార్జీ వేశారు. సక్రమ లేఅవుట్లలో పార్కు కోసం వదిలిన జాగా ఖరీదు ప్లాట్లు కొన్నవాళ్ళ మీదే పడింది. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంది. ఇంటిపన్ను ఎటూ ఉంది. కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళు కూడా ఆ పన్ను కిరాయి రూపంలో కడుతూనే ఉన్నారు.

ఫీజు పెడితే ఏమవుతుందో కూడా ఆలోచించాలి. ఫంక్షన్ హాలు కిరాయి భరించలేనివాళ్ళే పార్కుకు వస్తారు. వాళ్ళకు ఫీజు గోడ అవుతుంది. భరించగలిగినవాడికి అదే చవక బేరం అవుతుంది, హాలుకు పెట్టే ఖర్చులో కొంత పెట్టి పార్కునే హాలు చేసుకుంటాడు. ఆదాయం అలవాటైన ఆఫీసు ఇంకో నాలుగు బుకింగులు కోరుకుంటుంది. పార్కును కాపాడటానికి పెట్టిన ఫీజు పార్కును కిరాయికి ఇచ్చే దుకాణంగా మారుస్తుంది. బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆస్పత్రికి ఇస్తే, ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు ముద్దప్ప కేసులో తేల్చింది. ఆస్పత్రి మంచిదే అయినా ఆ జాగా జనానిది అన్నదే అక్కడి న్యాయం. ఒక పూటకో, ఒక సాయంత్రానికో ఇచ్చినా ఆ న్యాయం మారదు.

5. అమెరికాను సగమే చూశారు

మన కరీంనగర్ పిల్లలు అక్కడ వనభోజనాలకు పార్కులో షెల్టర్ బుక్ చేసిన ఫొటోలు పంపిస్తారు. అవి చూసి మనవాళ్ళు, అక్కడ కూడా పర్మిషన్ ఉంది కదా అంటారు. అక్కడ బుక్ చేసుకునేది ఆ కప్పునూ బల్లలనూ. పక్కన పచ్చిక మీద దుప్పటి పరుచుకునే కుటుంబాన్ని ఎవరూ కాగితం అడగరు. న్యూయార్క్‌లో 20 మంది దాటితేనే పర్మిట్, దాని ఫీజు 25 డాలర్లని ముందే అందరికీ తెలుసు. షికాగోలో 50 మంది దాటిన పిక్నిక్‌కు పర్మిట్ కావాలన్న నిబంధన మీద గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయింది. 2002లో కోర్టు ఆ నిబంధన చెల్లుతుందనే చెప్పింది. ఎందుకు చెల్లిందన్నది మనవాళ్ళు చెప్పరు. 14 రోజుల్లో తేల్చాలి, పొడిగించినా 28 దాటకూడదు. కాదనడానికి కారణాలు జాబితాగా ముందే రాసి ఉండాలి. కాదంటే ఏ కారణమో రాసివ్వాలి. పైకి అప్పీలు ఉండాలి. ఇన్ని కట్టుబాట్లు అధికారి మీద ఉన్నాయి కాబట్టే పౌరుడి మీద పెట్టిన ఆ ఒక్క కట్టుబాటు నిలబడింది. మనవాళ్ళు పౌరుడి మీది కట్టుబాటును మాత్రం దిగుమతి చేసుకుని, అధికారి మీదివన్నీ అక్కడే వదిలేశారు.

6. బాధ్యత సంతకంతో రాదు

ఏదైనా జరిగితే ఎవరిని పట్టుకోవాలి అంటారు. పార్కు పక్క డ్యామ్ కట్ట దగ్గర పిల్లవాడు నీళ్ళలోకి దిగితే కాపాడేది కంచె, కాపలా, హెచ్చరిక బోర్డు. ఫైల్‌లో ఉన్న అర్జీ కాపాడదు. పైగా పర్మిషన్ ఇచ్చామన్న ధీమాతో కంచె కట్టడం వాయిదా పడుతుంది.

కలిసి కూడినవాళ్ళు బాధ్యత ఎట్లా పంచుకుంటారో చూడాలంటే ఆదిలాబాద్ జిల్లాలోనే ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌కు పోవాలి. పుష్య అమావాస్యకు నాగోబా జాతర. ఆ జాతర జరిపే మెస్రం వంశస్థులు మర్రిచెట్ల కింద బస చేస్తారు. తర్వాత గోవాడ్ అనే బస ఆవరణలో ఎన్ని కుటుంబాలు వచ్చినా 22 పొయ్యిల మీదే వంట. ఏ పొయ్యి ఎవరిదో, నీళ్ళు ఎవరు తేవాలో, ఏ పని ఏ ఇంటి కోడళ్ళదో కట్టుబాటు ఉంది. ఆ జాతరకు ఇప్పుడు పోలీసు బందోబస్తు ఉంటుంది, ఉండాలి కూడా. కానీ ఆ పొయ్యిల దగ్గర క్రమం బందోబస్తు వల్ల వచ్చింది కాదు. ఈ చోటు మాది అనుకున్నవాళ్ళకు అది పుట్టుకతో వచ్చింది. ప్రతిసారీ గేటు దగ్గర ఆపి, నీకు ఇక్కడ ఏం పని అని అడిగితే ‘మాది’ అన్న భావం ఎక్కడ నుంచి వస్తుంది? పరాయి చోటును ఎవరూ శుభ్రంగా ఉంచరు.

7. అయితే ఏం చేయాలి

వంద మంది లోపు, మైకు లేకుండా, గుంజలు పాతకుండా కూర్చునేవాళ్ళను ఏ కాగితమూ అడగకూడదు. వంద దాటితే మూడు పనిదినాల ముందు సమాచారం ఇస్తే చాలు. మీసేవలోనో, ఫోన్లోనో తీసుకుని రసీదు ఇవ్వాలి. పొయ్యి వెలిగించాలంటే అందుకు వేరుగా ఒక మూల సిమెంటు గచ్చు చూపించాలి. మైకు, షామియానా, వేదిక, అమ్మకాలు ఉంటేనే అనుమతి. దానికి ఏడు రోజుల గడువు, జవాబు రాకపోతే ఇచ్చినట్టే లెక్క, కాదంటే కారణం రాతలో. ఆ పెద్ద కార్యక్రమాలకు ఫీజు కంటే డిపాజిట్ మేలు. పచ్చిక ఎట్లా ఇచ్చామో అట్లా అప్పగిస్తే ఆ సాయంత్రమే తిరిగివ్వాలి, లేకపోతే అందులోంచి కార్మికులకు అదనపు కూలి చెల్లించాలి. కరీంనగర్ ఉజ్వల పార్కు కావచ్చు, ఆదిలాబాద్ గాంధీ పార్కు కావచ్చు, ప్రతి గేటుకూ ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు కట్టాలి, కాపలా పిల్లవాడు తిట్లు తినాల్సిన పని లేకుండా.

ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త చట్టం అక్కర్లేదు. మున్సిపల్ పాలకవర్గం ఒక తీర్మానం చేస్తే అయిపోతుంది.

వచ్చే కార్తీకంలో మా వాడకట్టు మళ్ళీ పోతోంది. ఈసారి అర్జీ రాయం. గిన్నెలతో పాటు రెండు గోనె సంచులు తీసుకుపోతాం, తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి. గేటు దగ్గర ఎవరైనా ఆపితే ఏ నిబంధన కింద ఆపుతున్నారో రాసిమ్మంటాం. రాసిచ్చేదాకా అక్కడే చాప పరుచుకుని కూర్చుంటాం.